శక్కర్‌నగర్ పెండ్లి టేపులు

నిజామాబాదు మండలమున చెఱకు చరిత్ర నీటితో మొదలగుచున్నది. 1923లో మంజీరా నదిపై ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు బోధను నేలకు కాలువ నీరు తెచ్చెను. ఆ నీటి వెంట చెఱకు విస్తరించెను. చెఱకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. కర్మాగారము వెంట శక్కర్‌నగర్ అను కార్మిక నివాసము పెరిగెను. ఆనకట్ట కొలతలు, కర్మాగారపు లెక్కలు దస్త్రములలో దొరకును. కాని అచ్చటి వారు ఎట్లు నవ్విరి, ఏ యాసలో పలుకరించుకొనిరి, పెండ్లి పందిరిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి అను విషయములు దస్త్రములకెక్కవు. అవి మిగిలిన చోటు ఒకటి కలదు. అది ఇంటి బీరువాలోని వీడియో క్యాసెట్టు.

వీ.హెచ్.ఎస్. క్యాసెట్టు 1976లో జపానున జనించినది. మరుసటి యేడు హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము ఆరంభమైనది. 1982లో దేశమునకు రంగుల ప్రసారము వచ్చినది. ఆ దశాబ్దముననే నిజామాబాదు ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పనికేగిన వారిలో పలువురు తిరిగి వచ్చునపుడు టేపు రికార్డరుతోపాటు వీ.సీ.ఆర్.ను కూడ వెంట తెచ్చుకొనిరి. పెండ్లికి రాలేక దుబాయిలోనో మస్కటులోనో నిలిచిపోయిన అన్నకు చెల్లెలి పెండ్లిని చూపినది ఈ క్యాసెట్టే.

తరువాత రెండు చక్రములు ఆగిపోయినవి. 2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతపడెను. 2016 జూలైలో, వీ.హెచ్.ఎస్. యంత్రములను కడపటి వరకు తయారుచేసిన జపాను సంస్థ ఫునాయి ఆ పనిని విరమించెను. ఊరి జీవనమును చూపు టేపు ఇంకను కలదు. దానిని ఆడించు యంత్రము అరుదగుచున్నది. కావున 1996లో వెలువడిన డీ.వీ.డీ.లోనికైనను, కంప్యూటరు ఫైలులోనికైనను టేపును మార్చుకొనుట నేటి అవసరము. ఈ మార్పిడిలో రెండు చిక్కులు తరచుగా ఎదురగును.

మొదటిది ధ్వనికిని దృశ్యమునకును పొత్తు తప్పుట. వరుడు పుస్తె కట్టిన పిదప ఒక క్షణమునకు గాని గట్టిమేళము వినబడదు. ఈ దోషము టేపుది కాదు. టేపుపై రెండును కలిసియే నడచును. కంప్యూటరులో చేరునపుడు దృశ్యము సెకనుకు 25 ఫ్రేములుగాను, ధ్వని సెకనుకు 48,000 నమూనాలుగాను లెక్కింపబడును. ఈ రెండు లెక్కలకు రెండు వేర్వేరు గడియారములున్నచో, పదివేలలో ఒక పాలు భేదము కూడ మూడు గంటల టేపు చివరకు ఒక సెకనును మించును. అంతియే కాదు, సాగిన టేపునుండి సంకేతము తడబడుచు వచ్చినపుడు కంప్యూటరు కొన్ని ఫ్రేములను జారవిడుచును. 25 ఫ్రేములు జారినచో దృశ్యము ఒక సెకను ముందునకు పోవును, ధ్వని వెనుకబడును.

రోగమును గుర్తించుటకు పెండ్లి పందిరిలోనే సాధనము కలదు. డోలుపై పుల్ల పడు క్షణమును టేపు మొదట, నడుమ, చివర పరిశీలింపవలెను. మూడు చోట్లను ఎడము ఒక్కటే యైనచో ధ్వనిని అంత మేరకు జరిపిన చాలును. ఎడము క్రమముగా పెరిగినచో అది గడియారముల భేదము; ధ్వని నిడివిని దృశ్యపు నిడివికి సరిపడ సాగదీయవలెను లేదా కుదింపవలెను. ఎడము ఉన్నట్లుండి ఎగిరినచో ఫ్రేములు జారినవని అర్థము. అప్పుడు దిద్దుబాటుతో తంటాలు పడుటకంటె, సంకేతమును స్థిరపరచు టైమ్ బేస్ కరెక్టరును నడుమ నుంచి, కంప్యూటరుకు వేరొక పని పెట్టక, టేపును మరల ఎక్కించుటయే మేలు.

రెండవ చిక్కు పరిమాణము. కుదింపని దృశ్యము గంటకు సుమారు 75 గిగాబైట్లు ఆక్రమించును. ఒక పొర డీ.వీ.డీ.లో పట్టునది 4.7 మాత్రమే. రెండు గంటల టేపునకు సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు, మూడు గంటలకు 3.5 మెగాబిట్లు దక్కును. ఇందు ధ్వనిని కుదింపక ఉంచినచో అదియే 1.5 మెగాబిట్లు తినివేయును. దానిని 0.2 వద్ద ఉంచిన చెవికి లోటు తెలియదు. వీ.హెచ్.ఎస్. చిత్రమున అడ్డుగా కనుపించు వివరము సుమారు 240 గీతలే గనుక, మూడు గంటల టేపునకు 720 బిందువుల వెడల్పునకు బదులు 352 బిందువుల వెడల్పు చాలును. ఇదియును డీ.వీ.డీ. ప్రమాణము అంగీకరించునదే. అంతకంటె నిడివి యున్నచో రెండు బిళ్లలుగా విభజించుట ఉత్తమము.

చెఱకు సీమవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. నూరు కిలోల చెఱకునుండి సుమారు పది కిలోల చక్కెర వచ్చును. పిప్పి బాయిలరుకు పోవును. దృశ్యమును కుదించుటయు ఇట్టిదే. అయితే చెఱకు మరుసటి యేడు మరల పండును. ఆనాటి పెండ్లి మరల జరుగదు. కావున మొదట ఎక్కించిన పెద్ద ఫైలును హార్డు డిస్కుపై భద్రపరుపవలెను. బిళ్ల చేతికి వచ్చినదని టేపును పారవేయరాదు. తెల్లని బూజు కనుపించిన టేపును శుభ్రపరుపక యంత్రములో పెట్టరాదు.

ఆ టేపులలోని పెద్దలు పలువురు నేడు లేరు. వారి పిలుపు వారి పెదవులమీదనే వినబడునట్లు చేయుట మనుమలకు మిగిలిన పని. యంత్రము ఇంకను దొరకుచుండగానే బీరువా తెరువవలెను.