సర్పంచి నామినేషను ఎక్కడ వేయవలెను?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నేడు పురపాలక పట్టణములు. అచ్చట కౌన్సిలరు పదవి కోరువారు పార్టీ బి-ఫారము చేతపట్టుకొని పురపాలక సంఘపు ఎన్నికల అధికారికడకు పోవుదురు. పట్టణపు పొలిమేర దాటితిమా, పద్ధతియే మారును. సర్పంచికి పార్టీ గుర్తు ఉండదు. నామినేషను పెట్టు చోటును వేరు.

ఈ సీమలో ఇది చిన్న విషయము కాదు. నిజాము కాలమున ఊరి పెత్తనము పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీల ఇండ్లలో వంశపారంపర్యముగా నడచెను. ఎవరి వోటును వారికి అక్కరలేదు. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధ పోరాటము సూర్యాపేట ప్రాంతమును కుదిపినది. 1952లో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిగారిని, నెహ్రూగారికి వచ్చినవానికంటె ఎక్కువ వోట్లతో లోక్‌సభకు పంపిరి. జెండాలపై ఇంత మమకారము గల జిల్లాలో జెండా లేని ఎన్నిక ఎట్లు కుదిరెనా యని మేమును విస్తుపోయినవారమే.

1959లో షాద్‌నగరున పంచాయతీరాజ్యము ఆరంభమైనది. 1964 నాటి చట్టము ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు ఒకే గ్రామపంచాయతీ శాసనమును తెచ్చినది. తరువాత 1994 చట్టము, తెలంగాణమునకు 2018 చట్టము వచ్చినవి.

ఇక చోటు సంగతి. మండల పరిషత్తు సభ్యత్వము పార్టీల పోటీ. దాని నామినేషను మండల కార్యాలయములో. సర్పంచి, వార్డు సభ్యుల పత్రములకు మాత్రము ఇరుగుపొరుగు గ్రామములు కొన్ని కలిపి ఒక క్లస్టరు చేయుదురు. అందలి ఒక ఊరిలో రిటర్నింగు అధికారి ఉదయము 10.30 నుండి సాయంత్రము 5 వరకు కూర్చుండును. అభ్యర్థియో, ప్రతిపాదించువాడో స్వయముగా అందీయవలెను. సర్పంచికి ధరావతు 2,000 రూపాయలు; షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 1,000.

కూలికి పోవు స్త్రీకి మండల కేంద్రమునకు పోయి వచ్చుట ఒక దినము కూలి. పొరుగూరు నడచిపోవచ్చును. అయితే ఆ పొరుగూరు ఎదుటి వర్గము వారిదైనచో? దారిలో నలుగురు నిలుచుండి "ఏకగ్రీవము చేద్దామమ్మా, కాగితము మాని వేయుము" అన్నచో? పోటీ జరుగునో లేదో నిర్ణయమగునది పోలింగునాడు కాదు, ఆ దారిలోనే. సర్పంచి పదవిని వేలము వేయుట నేరమని ఎన్నికల సంఘము ఎన్నిసార్లు చెప్పినను, వేలముల వార్తలు వచ్చుచునే యున్నవి.

పత్రము అధికారి చేతికి చేరినచో తక్కినది సులభమే. తెలుగు అక్షరక్రమమున పేర్లు వ్రాసి, సంఘమువారి గుర్తులు వరుసగా ఇత్తురు. సర్పంచికి గులాబి బ్యాలెటు, వార్డు సభ్యునికి తెలుపు. మధ్యాహ్నము ఒంటిగంటకు పోలింగు ముగియును, రెండింటికి లెక్కింపు మొదలగును.