దక్కన్ ట్రాప్స్: పర్వతం లేని అగ్నిపర్వతం

దక్కన్ ట్రాప్స్ సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగుళ్లలోంచి పొంగి, పొరమీద పొరగా గడ్డకట్టిన బసాల్టు రాతి మేట. మహారాష్ట్ర నుంచి తెలంగాణలోని ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల దాకా, దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఇవి నేటికీ మిగిలి ఉన్నాయి. పడమటి కనుమల్లో వీటి మందం 2 కిలోమీటర్ల పైమాటే. ఇంత లావా ఒక మహా శిఖరాన్ని కట్టకుండా పీఠభూమిగా పరుచుకుంది. కాబట్టి అగ్నిపర్వతాల రకాలను కొండ ఆకారంతో మొదలుపెట్టి తేల్చలేం. ఆకారం ఫలితమే గాని కారణం కాదు.

అసలు కారణం శిలాద్రవం చిక్కదనం, అందులోని వాయువులు, అది పైకొచ్చే దారి. బసాల్టు ద్రవంలో సిలికా 50 శాతం దరిదాపుల్లో, వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పలచగా ఉండటంతో వాయువులు తేలిగ్గా తప్పించుకుంటాయి, లావా సులువుగా పారుతుంది. అది ఒకేచోట మళ్లీమళ్లీ పొంగితే హవాయిలోని మౌనా లోవా వంటి వాలు తక్కువ కవచాకార పర్వతం ఏర్పడుతుంది. నురగలా ఎగిరి దగ్గర్లోనే రాలితే 1943లో మెక్సికో పొలంలో పుట్టిన పరికుటిన్ లాంటి కంకర దిబ్బ లేస్తుంది. సిలికా 60 శాతం దాటితే ద్రవం చిక్కబడి వాయువులను బంధిస్తుంది. ఆ ఒత్తిడి తెగితే 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో మాదిరి పేలుడే. బూడిద, లావా పొరలు పేరుకుని నిటారైన కొండ తయారయ్యేది ఎక్కువగా ఇలాంటిచోటే. అయితే అండమాన్‌లోని బ్యారెన్ దీవి బసాల్టుదే అయినా శంఖాకారంలో ఉందే అనవచ్చు. నిజమే, సిలికా ఒక్కటే అంతా తేల్చదు. అడుగున నీరు తగిలితే పలచని లావా కూడా పేలుతుంది. 1924లో హవాయిలోని కిలౌయా అలాగే పేలింది.

కొండ లేకుండా ఇంత లావా ఎలా వచ్చిందన్న సందేహానికి ఐస్‌లాండ్‌లోని లాకి జవాబు చెబుతుంది. 1783 జూన్‌లో అక్కడ 27 కిలోమీటర్ల పొడవున నేల చీలి, 8 నెలల్లో 14 ఘన కిలోమీటర్లకు పైగా లావా పారింది. మిగిలినవి వరుసగా చిన్న బిలాలే. దక్కన్‌లో అలాంటి దారులకు గుర్తులు డైకులు, అంటే పగుళ్లలోనే గడ్డకట్టిన రాతి గోడలు. నర్మద, తపతి పరిసరాల్లో అవి గుంపులుగా కనిపిస్తాయి. రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, పంగిడి క్వారీల్లో రెండు నల్లరాతి పొరల నడుమ గుల్లల శిలాజాలున్న సున్నపురాయి బయటపడుతుంది. ప్రధాన మేటకు ఇంత దూరాన ఉన్న ఈ లావా స్థానికంగానే పొంగిందేమోనన్న వాదన తోసిపుచ్చదగ్గది కాదు. అయినా దీని రసాయన కూర్పు, వయసు, రాతిలో నమోదైన అయస్కాంత దిశ పడమటి కనుమల పై పొరలతో సరిపోలుతున్నాయి. పైన గట్టిపడిన పెచ్చు కింద వేడి నిలుస్తుంది కనుక లావా పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు ప్రవహించడం అసాధ్యం కాదు.

పేలకుండా పారే లావా నిరపాయమన్న అభిప్రాయమూ నిలవదు. లాకి వదిలిన గంధకం, ఫ్లోరిన్ వాయువులకు పచ్చిక విషమై పశువులు చచ్చాయి. తర్వాతి కరువులో ఐస్‌లాండ్ జనాభాలో ఐదోవంతు నశించింది. డైనోసార్ల అంతానికి మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద పడిన గ్రహశకలమే ముఖ్య కారణమని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నా, దక్కన్ వాయువుల పాత్రపై చర్చ సాగుతూనే ఉంది. అందులో ఎవరి మాట నెగ్గినా, అగ్నిపర్వతపు ముప్పును దాని ఎత్తుతో కాక, అది వెలువరించే పదార్థంతోనూ వ్యవధితోనూ కొలవాలన్నది స్పష్టం.