‘జనసమూహం’ అనే మాట వెనుక: బెంథామ్ రాతప్రతుల ఎత్తిరాత

ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ (1748–1832) రాసినదానిలో చాలా భాగం ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆయన రాతప్రతులు సుమారు 60,000 పత్రాలున్నాయి. సమగ్ర రచనల పరిష్కరణకు బెంథామ్ ప్రాజెక్టు ఏర్పడి అర్ధశతాబ్దం గడిచినా, 2010 నాటికి దాదాపు 40,000 పత్రాలు ఎత్తిరాతకు నోచుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో ‘ట్రాన్‌స్క్రైబ్ బెంథామ్’ పేరుతో ఈ పనిని అంతర్జాలంలో ఆసక్తి గలవారందరికీ తెరిచారు. క్రౌడ్‌సోర్సింగ్ చరిత్రలో దీనిని తరచుగా ఉదాహరిస్తారు. అయితే ఆ పేరులోని ‘క్రౌడ్’ ఎంతవరకు నిజమన్నది పరిశీలించదగిన ప్రశ్న.

తొలి ఆరు నెలల్లో 1,200 మందికి పైగా నమోదు చేసుకున్నారు. డిసెంబరు చివర న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన కథనం ఈ సంఖ్యను ఒక్కసారిగా పెంచింది. వారిలో వాస్తవంగా కలం పట్టినవారు 259 మంది. అందులోనూ అధికులు ఒక్క పత్రంతో ఆగిపోయారు. పనిలో సుమారు 70 శాతం ఏడుగురి చేతుల మీదుగా సాగింది. దీనిని జనసమూహం అనడం కంటే చిన్న పాఠకగోష్ఠి అనడం సమంజసం.

ఈ వడపోతకు కారణం పని స్వభావంలోనే ఉంది. బెంథామ్ వార్ధక్యపు దస్తూరి కొరకరాని కొయ్య. కొట్టివేతలు, పంక్తుల మధ్య చేర్పులు, అంచుల్లో రాతలు మెండు. అక్షరాలను ఎత్తిరాస్తే చాలదు. కొట్టివేత ఏది, చేర్పు ఏది, సందేహాస్పద పాఠం ఏది అన్నది ట్యాగులతో గుర్తించాలి. ‘సందేహాస్పదం’ అన్న ట్యాగు పెట్టడం కూడా ఒక నిర్ణయమే. మన తాళపత్రాల పాఠపరిష్కర్తలకు ఇది పరిచితమైన చిక్కే. ప్రతి పుటనూ ప్రాజెక్టు సంపాదకులు సరిచూసిన తరువాతే ఖరారు చేసేవారు. కనుక ఇది పూర్తిగా ‘ఉచితంగా’ జరిగిన పని కూడా కాదు.

ఇక్కడ సి.పి. బ్రౌన్ కడపలో నడిపిన పరిష్కరణ కృషి స్ఫురించక మానదు. అది సొంత సొమ్ముతో జీతాలిచ్చి చేయించిన పని. జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు సాహిత్య చరిత్రలో నిలిచాయి. నకళ్లు రాసిన లేఖకులందరి పేర్లు అలా నిలవలేదు. లండన్ వేదిక వికీ సాఫ్ట్‌వేర్‌పై నడిచినందున ఏ మార్పు ఏ సభ్యనామంతో జరిగిందో పుట చరిత్రలో నమోదవుతుంది. లేఖకుని గుర్తింపు విషయంలో ఇది చిన్న భేదం కాదు.

ఆ గుర్తింపునకు కొత్త పరీక్ష 2013 తరువాత ఎదురైంది. స్వచ్ఛంద పాఠకులు సిద్ధపరచిన బెంథామ్ పుటలు ఐరోపా పరిశోధన పథకాలలో, చేతిరాతను చదివే యంత్రాలకు శిక్షణ సామగ్రి అయ్యాయి. వాటి నుంచి ఎదిగినదే నేడు అనేక ఆర్కైవులు వాడుతున్న ట్రాన్‌స్క్రైబస్. పుట చరిత్రలో ఉన్న సభ్యనామం యంత్రం నేర్చుకున్న పాఠంలో ఉండదు. ఒక కొట్టివేతను ఎవరు, ఎంత తటపటాయించి, ఎలా చదివారో ఆ యంత్రాన్ని అడిగి తెలుసుకునే వీలు లేదు.