నెలకు మూడు రోజుల మందు

ఒంటి మీద బొబ్బలు లేపే పెంఫిగస్ అనే జబ్బు చికిత్స చరిత్రను సాధారణంగా మందుల వరుసగా చెబుతారు: మొదట స్టెరాయిడ్లు, తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు, ఇప్పుడు రిటక్సిమాబ్. ఆ వరుసలో 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలైన పల్స్ చికిత్స డబ్బు చాలని దేశం చేసుకున్న సర్దుబాటుగా ఒక మూలకు చేరింది. ఈ అంచనా సరైంది కాదని నా అభిప్రాయం. ఖరీదైన మందు బదులు చవక మందు వాడటం అందులో చిన్న భాగమే. మందు ఎప్పుడు ఇవ్వాలి, ఎంతకాలానికి ఆపాలి అన్నది అక్కడ ముందుగానే రాసిపెట్టిన నియమమైంది. అసలు విశేషం అదే.

ఈ జబ్బులో చర్మపు పైపొర కణాలను కలిపి ఉంచే డెస్మోగ్లీన్ ప్రోటీన్ల మీద శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. పట్టు సడలిన చోట పల్చని బొబ్బలు లేస్తాయి. అవి చితికి పచ్చి పుండ్లు పడతాయి. నోటిలో మొదలైతే నెలల తరబడి మామూలు నోటిపూత కిందే చెల్లిపోతుంది. ఆ యాంటీబాడీలను 1964లో అమెరికాలోని బఫెలోలో బ్యూట్నర్, జోర్డన్ గుర్తించారు. కానీ వాటిని చూడాలంటే ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపు కావాలి. అది లేని ఆసుపత్రులను రెండు పాత పద్ధతులు ఆదుకున్నాయి. పుండు పక్కన బాగానే కనిపించే చర్మాన్ని వేలితో నొక్కి జరిపితే పైపొర ఊడివస్తుందా అని చూడటం 1896లో నికోల్‌స్కీ చెప్పిన గుర్తు. కొత్త బొబ్బ అడుగును గీరి, గాజుపలక మీద పూసి, గీమ్సా రంగు వేసి చూడటం 1947లో జాంక్ వ్యాప్తిలోకి తెచ్చిన పరీక్ష. పెంఫిగస్ అయితే జట్టు వీడి గుండ్రంగా మారిన, పెద్ద కేంద్రకం ఉన్న కణాలు కనిపిస్తాయి. నిమిషాల్లో తేలే పనే గాని, ఇది తుది తీర్పు కాదు. మందులు వికటించి చర్మం ఊడే జబ్బులోనూ నికోల్‌స్కీ గుర్తు కనిపిస్తుంది. పెంఫిగస్ రకాలను గాజుపలక పరీక్ష విడదీయలేదు. అందుకే మామూలు బయాప్సీతో చీలిక ఏ లోతులో ఉందో చూసి ఖాయం చేసుకునేవారు.

స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వల్గారిస్ అనే రకం వచ్చినవారిలో ఎక్కువమంది కొన్నేళ్ళలోనే చనిపోయేవారు. 1950ల నుంచి ప్రాణం నిలిచింది. కానీ పెద్ద మోతాదులో రోజూ మింగిన స్టెరాయిడ్ షుగరును, బీపీని పెంచింది, ఎముకలను గుల్ల చేసింది, ఇన్ఫెక్షన్లకు దారి తీసింది. జబ్బు వల్ల పోవాల్సిన ప్రాణం కొందరికి మందు వల్ల పోయింది. ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రిచా, రామ్‌జీ గుప్తా 1984లో ప్రచురించిన పద్ధతి దీనికి వేరే దారి వెతికింది. 100 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను గ్లూకోజు సెలైన్‌లో కలిపి వరుసగా మూడు రోజులు ఎక్కిస్తారు. అందులో ఒకరోజు 500 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ కలుపుతారు. 28 రోజులకోసారి ఇదే తంతు; దీన్నే పల్స్ అంటారు. మధ్యలో రోజూ 50 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర. మూత్రపిండం మార్పిడి వార్డుల్లో పల్స్‌గా వాడే మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఖరీదైనది, డెక్సామెథసోన్ చవక, అందుకే దీన్ని ఎంచుకున్నారు. పుండ్లు మానాక కూడా నెలల తరబడి పల్స్‌లు, ఆపై కొన్నాళ్ళు మాత్ర ఒక్కటే, ఆపై మందు లేకుండా ఏళ్ళ తరబడి పరిశీలన. తగ్గిందనుకోగానే మందు మానేసే అలవాటుకు ఇది నేరుగా అడ్డుపడింది.

దీనికి సరైన రుజువేదీ అన్నది మొదటి ఆక్షేపణ. అది న్యాయమైనదే. 1995లో 300 మంది రోగుల అనుభవాన్ని ఎయిమ్స్ ప్రకటించింది గాని, అందులో పోల్చి చూడటానికి మరో జట్టు లేదు. మధ్యలో రాకుండా పోయినవారి గతి ఇలాంటి లెక్కల్లో తేలదు. 2005లో జర్మనీలో 22 మందిపై చేసిన పోలిక ప్రయోగంలో పల్స్‌కు స్పష్టమైన ఆధిక్యం కనిపించలేదు. అంత చిన్న ప్రయోగం ఏ పక్షానికీ తీర్పు ఇవ్వలేదు. నెలనెలా తిరిగి రావడమనే క్రమం విలువ దానికి అందేదీ కాదు. రెండో ఆక్షేపణకు నా దగ్గర సులువైన జవాబు లేదు. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను, వృషణాలను దెబ్బతీస్తుంది. మన దేశంలో ఈ జబ్బు పిల్లలను కనే వయసులోనే చాలామందిని పట్టుకుంటుంది. సంతానం కావాల్సినవారికి ఆ మందు తీసేసి డెక్సామెథసోన్ మాత్రమే ఇచ్చే నియమం వచ్చినా, చవక చికిత్స ధరలో ఒక భాగం రోగి ఒంట్లోంచి వసూలైందన్నది కాదనలేం.

రిటక్సిమాబ్ ఆ బేరాన్ని మార్చింది. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో చౌక రూపాన్ని తెచ్చింది, అప్పట్లో లింఫోమా కోసం. 2017లో ఫ్రాన్స్‌లో పెంఫిగస్ రోగులపై జరిగిన ప్రయోగం ఫలితాలు వచ్చాక, 2018లో అమెరికా రిటక్సిమాబ్‌ను పెంఫిగస్‌కూ అనుమతించింది. ఇదీ రెండు వారాల తేడాతో రెండుసార్లు ఎక్కించి, నెలల విరామం ఇచ్చే మందే. ఆ వరస ఢిల్లీ నుంచి రాలేదు, కీళ్ళవాతం చికిత్స నుంచి వచ్చింది. అయినా సెలైన్ పెట్టకముందు టీబీ, హెపటైటిస్-బీ చూడటం, ఆ తర్వాత రోగి మళ్ళీ వచ్చేలా చూసుకోవడం ఇక్కడా తప్పని పనులే. రిటక్సిమాబ్ కొనలేనివారికి, పిల్లలను కనడం ముగిసినవారికి నెలకు మూడు రోజుల పాత పద్ధతి నేటికీ పనికొస్తుంది.