వేపాకు, సిరింగా ఆకు

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరినది. 1911 వరకు సాగిన ఆ వలసలో తెలుగువారు ఎందరో ఒప్పందపు కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. ఉగాది పచ్చడిలో వేప ఉండాలనే ఆచారమూ వారితో వచ్చినది.

అయితే ఇక్కడి దారుల వెంట విరివిగా కనిపించేది వేప కాదు, సిరింగా. తెలుగునాట దానిని తురకవేప అంటారు. రెండూ ఒకే కుటుంబపు వృక్షాలు; చూపునకు దగ్గర పోలిక. కాని సిరింగా కాయలు విషపూరితములు. కనుక రుచి చూసి తేల్చుకోరాదు. దాని లేత ఊదా పూలు వసంతంలో పూస్తాయి. ఉగాది ఈ దేశంలో ఆకురాలు కాలంలో వస్తుంది. అందుచేత ఆకే మనకు ఆధారం.

వేపాకుకు నడుమ ఒకే ఈనె. దానికి ఇరుప్రక్కల కొడవలి వలె వంగిన, రంపపు అంచు గల చిట్టి ఆకులు వరుసగా ఉంటాయి. సిరింగా ఆకులో నడిమి ఈనె నుండి మరల చిన్న ఈనెలు చీలుతాయి. చిట్టి ఆకులు ఆ చీలికలపై ఉంటాయి. చీలిక కనిపించినచో అది వేప కాదు, పచ్చడిలో వేయరాదు.

మన పిల్లలకు వేప అనే మాట తెలుసు. ఈ ఉగాదికి రెండు రెమ్మలను ప్రక్కప్రక్కన ఉంచి, ఏది వేపో వారినే చెప్పమనండి.