రంగులరాట్నం పక్కన పాడే యంత్రం: బ్యాండ్ ఆర్గన్ చరిత్ర

ఆవిరి యంత్రం మిల్లులనూ రైళ్లనూ ఎలా నడిపిందో గత భాగంలో చదివారు. అదే ఆవిరి యంత్రం జనాన్ని ఆడించింది కూడా. పాఠ్యగ్రంథాలు ఈ రెండో సంగతిని సాధారణంగా పట్టించుకోవు. అందువల్ల ఈ భాగంలో దాన్నే చూద్దాం.

కొయ్యగుర్రాలతో గుండ్రంగా తిరిగే రంగులరాట్నాన్ని మీరు ఎగ్జిబిషన్‌లో చూసే ఉంటారు. ఇంగ్లండులో 1860ల నుంచి దీన్ని ఆవిరితో తిప్పడం మొదలైంది. కింగ్స్ లిన్ పట్టణానికి చెందిన ఫ్రెడరిక్ సావేజ్ ఇటువంటి రాట్నాల తయారీలో పేరు పొందాడు. ఆవిరి రాగానే రాట్నం పెద్దదైంది, వేగం పెరిగింది, మోత కూడా పెరిగింది. ఆ మోతను మించి వినిపించే సంగీతం కావలసి వచ్చింది. పదిమంది వాద్యగాళ్లను పెట్టుకుంటే రోజూ జీతాలివ్వాలి. యంత్రానికైతే ఒక్కసారి ధర చెల్లిస్తే చాలు. ఇంగ్లండులో ఫెయిర్‌గ్రౌండ్ ఆర్గన్ అనీ, అమెరికాలో బ్యాండ్ ఆర్గన్ అనీ పిలిచే వాద్యానికి గిరాకీ పెరగడానికి కారణం ఈ లెక్కే. అమెరికన్ పేరులోని ‘బ్యాండ్’ సైనిక బ్యాండ్‌ను గుర్తు చేస్తుంది. ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్లూట్ స్వరాలిచ్చే గొట్టాలు, రెండు రకాల డ్రమ్ములు, తాళాలు, కొన్నింటిలో గంటలు, అన్నీ ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి.

ఇది పనిచేసే తీరును కొంచెం శ్రద్ధగా గమనించండి. హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తిని ఆడిస్తుంది, రెండో చెయ్యి మెట్లు నొక్కుతుంది. ఆర్గన్‌లో తిత్తి పని చక్రానిది. మెట్లు నొక్కే పని మొదట్లో ఒక కొయ్య స్తంభం చేసేది. దాని మీద దిగగొట్టిన సన్నని మేకులు, స్తంభం తిరిగేకొద్దీ ఒక్కో మీటను లేపి ఒక్కో గొట్టంలోకి గాలి వదిలేవి. చిక్కల్లా ఏమిటంటే, ఆ స్తంభంలో పట్టే పాటలు కొన్నే. కొత్త పాట కావాలంటే మళ్లీ మేకులు కొట్టించాలి, లేదా కొత్త స్తంభమే కొనాలి. 1892లో పారిస్‌కు చెందిన గావియోలీ సంస్థ ఈ చిక్కును విప్పింది. మడతలు మడతలుగా పేర్చిన దళసరి అట్టల మీద రంధ్రాలు చేసి, వాటితోనే మీటలు కదిలేలా అమర్చింది. పాట ఎంత పొడుగుంటే అట్టల దండ అంత పొడుగు. ధర్మవరంలో జాకార్డు మగ్గాన్ని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. రంధ్రమున్న చోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గంలో పోగును లేపిన ఆలోచనే ఇక్కడ స్వరాన్ని పలికించింది.

ఇక అమెరికా సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టోనవాండా అనే చిన్న పట్టణంలో, స్కాట్లండు నుంచి వలస వచ్చిన ఆలన్ హెర్షెల్ రాట్నాలు తయారుచేసేవాడు. ఆర్గన్లు మాత్రం ఐరోపా నుంచి తెప్పించుకోవాలి. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంతో దిగుమతులు ప్రియమయ్యాయి. అంతకుముందు లిమొనేర్ అనే ఫ్రెంచి ఆర్గన్ సంస్థలో పనిచేసిన యూజీన్ డి క్లైస్ట్ అక్కడికి వచ్చి, 1893లో అదే ఊళ్లో ఆర్గన్ల కర్మాగారం పెట్టాడు. రక్షణ సుంకం గురించి అర్థశాస్త్రంలో చదువుకునే సూత్రానికి ఇంతకంటే సరదా అయిన ఉదాహరణ నాకు తెలియదు. కొన్నేళ్లకు ఆ కర్మాగారం వర్లిట్జర్ సంస్థ చేతికి వెళ్లింది. ఆ సంస్థ కాగితపు చుట్టలతో పాడే ఆర్గన్లను పెద్ద సంఖ్యలో అమ్మింది. కాగితంలోని రంధ్రం, దాని కింద ఉన్న పట్టీలోని రంధ్రం ఒకదానికొకటి ఎదురైనప్పుడు గాలి కదిలి, ఆ స్వరం పలుకుతుంది. 1930ల ఆర్థిక మాంద్యం, దానితోపాటు చవకగా దొరికే గ్రామఫోను రికార్డులు, లౌడ్‌స్పీకర్లు ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. వర్లిట్జర్ అదే ఊళ్లో జ్యూక్‌బాక్సుల తయారీకి మళ్లింది.

ఆ కాగితపు చుట్ట గ్రామఫోను రికార్డు వంటిది కాదని మీరు గుర్తించాలి. రికార్డు ఒకనాటి ధ్వనిని దాచిపెడుతుంది. చుట్ట దాచేది ఆజ్ఞను మాత్రమే. ఆ రోజుల్లో జనం ఏ పాటలు కోరుకున్నారో అది చెబుతుంది. ఆ పాటలు వినడానికి లోపలికి ఎవరిని రానిచ్చారో చెప్పదు. ఆ సంగతి కోసం మనం వేరే ఆధారాల దగ్గరికి, ముఖ్యంగా న్యాయస్థానాల రికార్డుల దగ్గరికి పోవాలి.

వాషింగ్టన్ నగరం పక్కనే, మేరీలాండ్ రాష్ట్రంలో గ్లెన్ ఎకో పార్కు ఉంది. అక్కడి రాట్నం 1921 నాటిది, ఫిలడెల్ఫియాకు చెందిన డెంట్జెల్ సంస్థ చేసింది. దాని పక్కన ఉన్నది వర్లిట్జర్ 165వ నమూనా ఆర్గన్. ఆ పార్కులోకి నల్లజాతి వారిని రానిచ్చేవారు కారు. 1960 జూన్ 30న హోవర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు లోపలికి నడిచి ఆ కొయ్యగుర్రాల మీద కూర్చున్నారు. శ్వేతజాతి మిత్రులు కొనిచ్చిన టికెట్లు వారి చేతుల్లో ఉన్నాయి. పార్కు తరఫున పనిచేస్తూ డిప్యూటీ షెరీఫ్ అధికారం కూడా ఉన్న కాపలాదారు వారిని దిగమన్నాడు. దిగలేదు. ఐదుగురిని అరెస్టు చేశారు. ఆ వేసవి అంతా గేటు ముందు నిరసన సాగింది. పార్కు చుట్టుపక్కల నివసించే శ్వేతజాతీయులు కూడా అందులో చేరారు. 1961లో పార్కు తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. విద్యార్థుల మీద పడిన శిక్షను మాత్రం సుప్రీంకోర్టు 1964లో, గ్రిఫిన్ వర్సెస్ మేరీలాండ్ కేసులో రద్దు చేసింది. కాపలాదారు ప్రయోగించింది ప్రభుత్వ అధికారాన్ని కనుక, ఆ వివక్ష ప్రభుత్వం చేసిన వివక్షే అవుతుందని కోర్టు తేల్చింది.

బాల్టిమోర్ దగ్గరి గ్విన్ ఓక్ పార్కులోనూ ఇదే పోరాటం జరిగింది. అక్కడ నిషేధం తొలగిన రోజు 1963 ఆగస్టు 28, అంటే వాషింగ్టన్ మహాప్రదర్శన జరిగిన రోజే. ఆ రోజు ఏడాది కూడా నిండని ఒక నల్లజాతి పాపను తండ్రి రాట్నం గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఆలన్ హెర్షెల్ సంస్థ 1947లో చేసిన ఆ రాట్నం తరువాతి కాలంలో వాషింగ్టన్ నడిబొడ్డున ఉన్న నేషనల్ మాల్‌కు చేరింది.

గ్లెన్ ఎకోలో వినోద వ్యాపారం 1968తో ముగిసింది. రాట్నాన్నీ ఆర్గన్‌నూ కొనుగోలుదారులు పట్టుకుపోబోతే, చుట్టుపక్కలవారు చందాలు వేసుకుని నిలబెట్టుకున్నారు. మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఒక మధ్యాహ్నం అక్కడికి పోయాను. నా ముందు వరుసలో తెలుగు మాట్లాడే ఒక కుటుంబం ఉంది. పిల్లవాడు గుర్రాల కోసం కాక ఆర్గన్ వెనక్కి పోయి, కాగితం ఎలా తిరుగుతోందో చూడాలని మారాం చేస్తున్నాడు. తల్లి చెయ్యి పట్టి లాగుతోంది. నిజం చెప్పాలంటే, నేను కూడా అందుకే వెళ్లాను.