సిలువ నుండి చిగిర్చిన తీగె

సంఘ చరిత్ర అనగానే మనకు బిషప్పుల పేర్లు, కట్టిన గుడులు, బాప్తిస్మముల లెక్కలు జ్ఞాపకమునకు వచ్చును. అవి అవసరమే. కాని పూర్వపు విశ్వాసులు దేవాలయములలో నిలిపిన చిత్రములు కూడ చరిత్రయే. అట్టి చిత్రమొకదానిని ఈ శతాబ్ది సంచిక చదువరుల ముందుంచదలచితిమి. అది రోమా నగరములోని పరిశుద్ధ క్లెమెంతు దేవాలయమునందున్నది.

1084లో నార్మను సైనికులు రోమును దోచి, అనేక భాగములను తగులబెట్టిరి. తరువాతి తరమువారు, పన్నెండవ శతాబ్దపు తొలి దశాబ్దములలో, క్లెమెంతు పాత దేవాలయమును మట్టితో, రాళ్లతో పూడ్చి, దానిపైననే క్రొత్తది కట్టిరి. కాలక్రమమున అడుగునున్న గుడి సంగతియే జనులు మరచిపోయిరి. 1857లో ఐర్లాండు దేశపు డొమినికన్ గురువు జోసెఫ్ ములూలీ త్రవ్వకములు ప్రారంభించి, నాల్గవ శతాబ్దపు ఆ కట్టడమును వెలికిదీసెను.

పై గుడిలో బలిపీఠము వెనుక, వంపు తిరిగిన కప్పు మీద మన చిత్రమున్నది. ఇది కుంచెతో వేసినది కాదు. రంగు గాజు ముక్కలను, రాతి ముక్కలను తడి సున్నములో ఒక్కొక్కటిగా అద్ది కూర్చినది. బంగారు వన్నె కొరకు పలుచని బంగారు రేకును గాజుపొరల నడుమ ఇమిడ్చెడివారు.

నడుమ సిలువ మీద ప్రభువు, ఇరుప్రక్కల మరియమ్మ, యోహాను. సిలువ మ్రానుపై పన్నెండు తెల్లని పావురములు. ఇవి అపొస్తలులకు గురుతులందురు. సిలువ మొదట పచ్చని గుబురొకటి కలదు. దానినుండి తీగెలు చుట్టలు చుట్టలుగా సాగి కప్పునంతయు అల్లుకొనినవి. దిగువను ఏదెను నదులవలె నాలుగు పాయలు పారుచుండగా దుప్పులు ఆ నీరు త్రాగుచున్నవి. 42వ కీర్తన ఎరిగినవారికి ఆ దుప్పుల భావము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ తీగెల నడుమ అగస్టీను, జెరోము, అంబ్రోసు, గ్రెగొరీ అను నలుగురు మహాపండితులున్నారు. వారి దిగువను గొఱ్ఱెల కాపరులు, కోళ్లకు మేత వేయుచున్న ఒక స్త్రీ, పలువిధములైన పక్షులు కలవు. అందరిని అల్లుకొనినది ఆ ఒక్క తీగెయే. చిత్రము క్రింది లాటిన్ వ్రాత క్రీస్తు సంఘమును ద్రాక్షావల్లితో పోల్చుచు, ధర్మశాస్త్రము వలన ఎండినది సిలువ వలన పచ్చనగునని తెలుపుచున్నది.

యోహాను సువార్త 15వ అధ్యాయములో తీగెలనగా శిష్యులు. ఈ పనివారు ఆ తీగెలలో పిట్టకును, కోడికిని చోటిచ్చిరి. ఇది సృష్టిపూజ కాదా అని కొందరు శంకింపవచ్చును. సృష్టిని దేవుడని మ్రొక్కుట వేరు, సృష్టియంతయు ఒక్క ప్రభువు వలన బ్రతుకుచున్నదని ఒప్పుకొనుట వేరు. చిత్రములో తీగె సిలువ మొదటనే పుట్టినదని మరువరాదు. సమస్త సృష్టియు విమోచన కొరకు కనిపెట్టుచున్నదని రోమీయులకు పౌలు వ్రాసినదియు ఇదియే.

రక్షణ మనుష్యుని ఆత్మకు మాత్రమేనని తలంచువారికి, సుమారు 900 ఏండ్లనాటి ఈ చిత్రము జవాబు చెప్పుచున్నది. చెరువులు పూడిపోవుచు, పిచ్చుకలు కరవగుచున్న మన ఊళ్లలో ఆ జవాబు వినదగినది. మరియొక మాట. ఆ పండితుల పేర్లు చరిత్ర ఎరుగును. కోళ్లకు మేత వేయు అమ్మ పేరు ఎవరికిని తెలియదు. అయినను ఆమెను విడిచి ఆ చిత్రము పూర్తికాలేదు. మన నూరేండ్ల కథ చెప్పుకొనునప్పుడు, పేరు వ్రాయబడని మన తల్లులను, వారు సాకిన మూగజీవులను, వారు తడిపిన నేలను కూడ తలచుకొందము.